వంక పెట్టిన రైఫిలు

ఆగస్టు 6, శనివారం

వెస్ట్ వర్జీనియా ప్రభుత్వం వారి వేట నియమాల పుస్తకం పోస్టులో వచ్చింది. ఉడతల వేట అక్టోబరు 8న మొదలు. రెండు అచ్చుతప్పులున్నాయి, ఎర్ర సిరాతో దిద్దాను.

ఏటా చేసినట్టే ఈ రోజు కంచె మీద ఖాళీ డబ్బాలు పెట్టి రైఫిలు పరీక్షించాను. ఒక్క డబ్బా పడలేదు. గొట్టం వంగిపోయింది. గురిపూస దగ్గరికి వచ్చేసరికి కుడివైపుకు ఒంపు తిరిగి ఉండడం స్పష్టంగా కనబడుతోంది. నలభై ఒక్క ఏళ్లుగా వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే తుపాకి ఉన్నట్టుండి ఎందుకు వంగుతుంది? లొరీన్ పోయినసారి వచ్చినప్పుడు ఇల్లు ఊడుస్తూ పడేసి ఉంటుంది. కన్నకూతురే అయినా, అడిగితే ఒప్పుకోదు.

తూటాల లెక్క ఈ వారం రాయను. తుపాకి బాగు చేయించాక మొదలుపెడతాను.

ఆగస్టు 7, ఆదివారం

చర్చి గోపురం మీది శిలువ ఒరిగింది. ప్రార్థన అయ్యాక పెద్దలకు చూపించాను. ముగ్గురూ తల పైకెత్తి చూసి, ఒకరి మొహాలొకరు చూసుకుని, అలాగేనన్నారు. ఎవరికీ శ్రద్ధ లేదు.

ఆగస్టు 10

ఈ డైరీ అమ్మిన కొట్టువాడితో చెప్పాలి. గీతలు తిన్నగా కొట్టలేదు. ప్రతి పేజీ నడుమా ఒక అల.

ఆగస్టు 13, శనివారం

రైఫిలు పట్టుకుని లోయ మొగలో ఉండే హార్లన్ మోయర్స్ షెడ్డుకి వెళ్లాను. హార్లన్ ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదివాడు, అంటే బల్ల దగ్గర కూర్చున్నాడు. తర్వాత బడి బస్సు నడిపాడు. ఇప్పుడు చేసేదల్లా వస్తువుకు వస్తువు మార్చడం. పోయిన ఏడాది ఒక గడ్డికోత యంత్రంతో మొదలుపెట్టి, చేతులు మార్చుకుంటూ పోయి, చివరికి ఒక పడవ దగ్గర ఆగాడట. నదికి ఇక్కడి నుంచి నలభై మైళ్లు.

గొట్టం తిన్నగా చేసిపెట్టమన్నాను. అతను గొట్టం వెనక మూసే బోల్టు తీసి, గొట్టంలోంచి వెలుతురుకేసి చూశాడు. తిప్పి చూశాడు. గాజు బల్ల మీద దొర్లించాడు. వంకర ఎక్కడా లేదన్నాడు. కళ్లద్దాలు మార్చుకోమని సలహా ఇచ్చాను. అప్పుడు రైఫిలు మెల్లగా బల్ల మీద పెట్టి, నా వంక అదోలా చూశాడు.

"టీచరమ్మా, నాకూ యాభై దాటాయి. అవతలివాడి సరుకుకి వంక పెట్టేవాళ్లని చాలామందిని చూశా. తన సరుకుకి తనే వంక పెట్టుకునే మనిషిని చూడ్డం ఇదే మొదలు. ఏంటి మీ ఎత్తు?"

ఎత్తేమీ లేదని, వంగినదాన్ని వంగిందన్నానని చెప్పాను. "అలాగే, అలాగే" అని నవ్వాడు. ఆ నవ్వు ఎనిమిదో తరగతిలోనే నాకు నచ్చేది కాదు.

ఆగస్టు 16

రాత్రి భోజనాల వేళ మనవరాలు ట్రూడీ కాలేజీ నుంచి ఫోను చేసింది. తన ఉత్తరం దిద్ది తిరిగి పంపించాను కదా, అది అందిందట. పదకొండు తప్పులకు పదకొండూ ఒప్పుకుంది. తర్వాత అంది: "అమ్మమ్మా, నీ రాత కొండెక్కుతోందేంటి? గీత వదిలేసి పైపైకి పోతోంది."

కాగితం నాసిరకం అని చెప్పాను.

ఆగస్టు 18

ఎడమ కన్ను మూసి వంటింటి తలుపు చూశాను. తలుపు వంగింది.

కుడి కన్ను మూసి చూశాను. తిన్నగా ఉంది.

పాత చెక్క. వానాకాలం ఉబ్బుతుంది.

ఆగస్టు 23, మంగళవారం

లొరీన్ కారులో కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లింది. నేను అడగలేదు. ట్రూడీ తల్లికి చెప్పి ఉంటుంది. ఈ ఇంట్లో ఒక్క మాట దాగదు.

డాక్టరు కుర్రవాడే అయినా వాక్యాలు పూర్తిగా మాట్లాడాడు. కుడి కంటి నడుమ పొర పాడైంది. అంచుల చూపు ఉంటుంది, నడిమధ్య చూపు పోతుంది. పోయింది రాదు. తిన్నని గీతలు వంకరగా కనబడడమే దీని మొదటి గుర్తు. ఎడమ కన్ను ఇప్పటికి చక్కగా ఉంది. ఏటా రెండుసార్లు చూపించుకోవాలి.

ఇంటికొచ్చే దారిలో లొరీన్ కారు వేగం తగ్గించింది. జిల్లా ఆసుపత్రిలో నర్సు కాబట్టి రోగులతో మాట్లాడేటప్పుడు గొంతు మెత్తగా పెట్టడం తెలుసు. నాతో ఆ గొంతు పెట్టగానే చెడ్డ మాట రాబోతోందని అర్థమైంది.

"అమ్మా, ఈ ఏడు తుపాకి ముట్టుకోవద్దు. వేట వద్దు. అడవిలో ఒక్కదానివి, ఒంటి కన్నుతో. నా వల్ల కాదు."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. టెలిఫోను స్తంభాలన్నీ వంగి ఉన్నాయి. ఎడమ కంటితో చూస్తే ఒక్కటీ వంగలేదు.

చర్చి పెద్దలతో అన్న మాట వెనక్కి తీసుకోవాలి. రైఫిలు విషయంలో లొరీన్‌ను అనుమానించినందుకు ఏమీ చెప్పనవసరం లేదు, పైకి అనలేదు కాబట్టి.

ఆగస్టు 24

తొమ్మిదో ఏట నాన్న వెంట వెళ్లాను. తర్వాత పెళ్లయ్యాక వారెన్‌తో. వారెన్ పోయాక ఆరేళ్లుగా ఒక్కదాన్నే. లొరీన్ పుట్టిన ఏడు తప్ప, వేట మొదటి రోజు పొద్దున ఎప్పుడూ ఇంట్లో లేను. శిఖరం మీద, గట్టి పెంకు కాయలు కాసే హికరీ చెట్ల కింద, తడి ఆకుల మీద పాత గోనె పరుచుకుని కూర్చుంటే, వెలుతురు చెట్ల మొదళ్ల నుంచి పైకి పాకుతుంది. అది మాంసం కోసం కాదని జనం అంటారు. నేను మాంసం కోసమే వెళతాను. కానీ కోడి మాంసం కూడా మాంసమే, దానికి శిఖరం ఎక్కనక్కర్లేదు.

అక్టోబరు 8న నేను అక్కడ ఉండాలి. చేతిలో తుపాకితో ఉండాలి. ఊరికే చూసి రావడానికి నేను పర్యాటకురాలిని కాను.

ఆగస్టు 25

ఎడమ కన్ను బాగుంది కాబట్టి రైఫిలు ఎడమ భుజానికి పెట్టి చూశాను. బోల్టు పిడి కుడివైపు ఉంది. ఒక్కో తూటాకు చెయ్యి తుపాకి పైనుంచి దాటించి, పిడి ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్లీ దింపాలి. మొదటిసారి రైఫిలు జారి కాలి మీద పడింది. రెండోసారి కుడి భుజానికే పెట్టి, మెడ అడ్డంగా చాచి ఎడమ కంటితో గురి చూశాను. కొట్టం పక్కన పాలవాడు నిలబడి ఉన్నాడని తర్వాత తెలిసింది. మెడ పట్టేసిందా అని అడిగాడు. అవునన్నాను. ఆ మాట చెప్పే సమయానికి అది నిజమే.

ఆగస్టు 27, శనివారం

హార్లన్ షెడ్డులో గుమ్మం పైన ఒక పాత లీవరు రైఫిలు ఉంది. వాళ్ల బాబాయిది. అరవై ఏళ్ల కిందటిది. చిన్న వేటకు పనికొచ్చే సన్న తూటాది. దాని లీవరు అడుగున, నడుమ ఉంటుంది. కిందికి తోసి పైకి లాగడమే. ఏ చేతి పక్షమూ వహించదు.

పొద్దుట్నుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను. పాత వస్తువుల మీద నాకు ఎప్పుడూ ఆసక్తి ఉంది.

సెప్టెంబరు 3, శనివారం

ఇక్కడ మార్పిడి బేరానికి ఒక పద్ధతుంది. కావలసిన వస్తువు వైపు చూడకూడదు. హార్లన్ దగ్గరికి వెళ్లి పొయ్యి గొట్టం కావాలన్నాను. లాంతర్లు చూశాను. పడవ గురించి అడిగాను. హార్లన్ కూడా పద్ధతి తెలిసినవాడే, నాకు కాఫీ పోసి, వాళ్ల అత్తగారి మోకాళ్ల గురించి చెప్పాడు. గంట గడిచాక, వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, పైన ఆ పాతదేమిటి, బూజు పట్టిపోతోంది అన్నాను.

"అమ్మనండి" అన్నాడు వెంటనే. అంటే ఎప్పటి నుంచో ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాడన్నమాట.

డబ్బుకు అమ్మిన తుపాకి లోయ దాటిపోతుందట, మార్చుకున్న తుపాకి లోయలోనే తిరుగుతుందట. అందుకని డబ్బు పుచ్చుకోడు. సరే, వారెన్ రంపాలు ఇస్తానన్నాను. తల ఊపాడు, అడ్డంగా. వెన్న చిలికే కుండ. అడ్డంగా. మా అత్తగారి గోడ గడియారం అన్నప్పుడు ఒక్క క్షణం ఊపడం ఆపాడు గానీ, మళ్లీ మొదలెట్టాడు. ఏం కావాలని తిన్నగా అడిగేశాను. పద్ధతి తప్పింది నేనే.

"మీరు వంక పెట్టిన ఆ రైఫిలు."

ఎందుకని అడిగాను. నా అంత మనిషి, పాతికేళ్లు పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పిన మనిషి, పనిగట్టుకుని షెడ్డు దాకా వచ్చి సొంత తుపాకి వంగిందని చెప్పిందంటే, దాన్ని ఎవరూ అడగకూడదనే చెప్పి ఉండాలట. ఎవరూ అడగకూడదంటే అది మామూలు తుపాకి కాదట. మూడు వారాలుగా ఇదే ఆలోచిస్తున్నాడట. ఈ లోయలో ఇంత లోతైన ఎత్తు ఎవరూ వేయలేదని, వాళ్లావిడతో కూడా అన్నాడట.

నేను అబద్ధం చెప్పలేదన్నాను.

"అది కూడా ఎత్తులో భాగమే కదండీ" అన్నాడు, ఎంతో గౌరవంగా.

కోపంగా ఇంటికి వచ్చాను. పొయ్యి గొట్టం మాత్రం తెచ్చుకున్నాను, అది నిజంగానే కావాలి.

సెప్టెంబరు 5

ఆ రైఫిలు ఇవ్వను. వారెన్ మా పెళ్లయిన ఏడు రంపపు మిల్లు జీతంతో కొన్నాడు. నా పేరు మీద కొన్నాడు. దానికి నూనె రాసింది, తుడిచింది అంతా నేనే.

సెప్టెంబరు 9, శుక్రవారం

లొరీన్ టొమాటోలు తీసుకువెళ్లడానికి వచ్చింది. ఎడమ భుజం సంగతి, లీవరు సంగతి చెప్పాను. దాచి చేయడం నాకు చేతకాదు. గొడవపడుతుందనుకున్నాను. టొమాటోలు ఏరుతూ విన్నది. బాగున్నవన్నీ తన బుట్టలోకి, పగిలినవి నా బుట్టలోకి వేస్తూ, చివరికి అంది: "అట్ట పళ్లెం ఒకటి కంచెకి కడతా. ఐదింటికి నాలుగు తగిలించు. నేనింకేం మాట్లాడను. తగల్లేదా, తుపాకి మాటెత్తకూడదు."

"నువ్వు నర్సువా, జడ్జివా?" అన్నాను.

"నీ కూతుర్ని. నువ్వు పెట్టే పరీక్షలకంటే తేలికే పెట్టా."

అది నిజం.

సెప్టెంబరు 12

రోజూ లేవగానే ఎడమ కన్ను మూసి తలుపు చూస్తున్నాను. చూసినందువల్ల నష్టం లేదు కదా.

సెప్టెంబరు 13

తలుపు అలాగే ఉంది.

సెప్టెంబరు 14

తలుపు.

సెప్టెంబరు 17, శనివారం

ఈ రోజు సంగతి వివరంగా రాస్తాను.

పొద్దున్నే రైఫిలు తుడిచి, పాత దుప్పట్లో చుట్టి, హార్లన్ దగ్గరికి తీసుకువెళ్లాను. అతను దుప్పటి చూడగానే కుర్చీ తుడిచి వేశాడు. కాఫీ పోయబోయాడు. వద్దన్నాను. మాట్లాడవలసిన మాట కాఫీతో మొదలుపెడితే చల్లారేదాకా సాగుతుంది.

దారి పొడవునా ఒకటే లెక్క వేసుకున్నాను. అతను ఈ రైఫిలులో ఏదో గొప్ప ఉందనుకుంటున్నాడు. అందులో గొప్పేమీ లేదు. ఊరుకుంటే బేరం నాకు లాభం. నోరు తెరిస్తే నా కన్ను సంగతి సాయంత్రానికి లోయ అంతా తెలుస్తుంది. హార్లన్ నోట్లో నువ్వుగింజ నానదు. రేపటి నుంచి చర్చిలో మెట్ల దగ్గర ప్రతివాడూ నా మోచెయ్యి పట్టుకుంటాడు. అది నేను భరించలేను. అయినా వంకర లేని వస్తువును వంకరదని చెప్పి, ఆ మాట మీద బేరం నడిపించడం దొంగ లెక్క.

చెప్పేశాను. "హార్లన్, గొట్టంలో వంకర లేదు. ఇందులో గొప్ప కూడా లేదు. వంకర నా కుడి కంట్లో ఉంది. ఆ కన్ను పోయింది, ఇక రాదు. అందుకే ఎడమ భుజం మీదికి మారాలి. అందుకే నీ లీవరు తుపాకి కావాలి."

ఇది కూడా ఎత్తేనంటాడేమో అనుకున్నాను. అతను లేచి, స్టూలు ఎక్కి, గుమ్మం పైనుంచి ఆ రైఫిలు దించాడు. బూజు ప్యాంటుకు తుడిచి, ఖాళీగా ఉందో లేదో చూసి, నా చేతికిచ్చాడు. కుడి చేతికి కాదు.

"పెట్టి చూడండి."

ఎడమ భుజానికి పెట్టాను. ఎనిమిది పలకల గొట్టం, ముందు బరువు. చెక్క ముదురు తేనె రంగుకు తిరిగి, చెంప ఆనే చోట నున్నగా అరిగి ఉంది. బాబాయి చెంప అటువైపుది, నాది ఇటువైపుది, కానీ చెక్కకు పట్టింపు లేదు. గురిపూస షెడ్డు అవతలి గోడ మీది మేకు మీద నిలబడింది. కదల్లేదు. వంగలేదు. లీవరు తోసి లాగాను, గడియారం కీ ఇచ్చినట్టుంది.

సమ్మతమేనా అని అడిగాను, వారెన్ రైఫిలు బల్ల మీద పెడుతూ. ఇప్పుడిక దాని గొప్ప ఏపాటిదో తెలిసింది కాబట్టి అతను వెనక్కి తగ్గవచ్చు. లేదా, అంతకంటే ఘోరంగా, ముసలామె కదా పాపం, ఊరికే తీసుకుపొమ్మనవచ్చు. ఆ మాట అంటే రైఫిలు అక్కడే వదిలి వచ్చేద్దామని నిర్ణయించుకున్నాను.

హార్లన్ వారెన్ రైఫిలు అటూ ఇటూ తిప్పి చూశాడు. నాలుక చప్పరించాడు.

"రైఫిలుకి రైఫిలు సరే. పైన కొసరేం ఇస్తారు?"

నా జన్మలో ఏ విద్యార్థి మాటకూ అంత సంతోషించలేదు. పైకి మాత్రం, కొసరెందుకని మండిపడ్డాను. లీవరుదానికి ఇరవై ఏళ్ల వయసు ఎక్కువట. వయసు పెరిగితే విలువ పెరుగుతుందట. ఆ మాట అంటూ నా మొహం చూసి నవ్వాడు. రాగి కాగులో ఉడికించిన నా యాపిల్ గుజ్జు ఎనిమిది సీసాలు అడిగాడు. రెండన్నాను. ఆరన్నాడు. పోయిన ఏడు నీకిచ్చిన ఖాళీ సీసాలు ఇంకా తిరిగి రాలేదన్నాను. నాలుగు దగ్గర తెగింది.

వచ్చేటప్పుడు చెప్పాడు, దీనికి నెమ్మది రకం తూటాలే వాడాలట. ఇప్పటి జోరు తూటాలు వేస్తే పాత ఉక్కు పగులుతుందట. పాతవాటితో తొందర పనికిరాదన్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

ఖర్చుల పుస్తకంలో ఏం రాయాలో తెలియలేదు. వచ్చింది రైఫిలు ఒకటి, పోయింది రైఫిలు ఒకటి, గుజ్జు నాలుగు సీసాలు. డాలర్ల గడి ఖాళీగా వదలడం నాకు ఇష్టం లేదు. అడ్డగీత గీశాను.

తలుపు వెనక మేకుకు కొత్తది తగిలించాను. పొడుగు తేడా వల్ల చెక్క నేలకు తాకుతోంది. మేకు రెండంగుళాలు పైకి కొట్టాలి.

సెప్టెంబరు 18, ఆదివారం

చర్చిలో మెట్ల దగ్గర ఎవరూ మోచెయ్యి పట్టుకోలేదు. హార్లన్ వాళ్లావిడ నన్ను ఆపి, ఆ గుజ్జులో దాల్చినచెక్క ఎంత వేస్తానని మాత్రం అడిగింది. హార్లన్ టోపీ చేత్తో తిప్పుకుంటూ వేరే వైపు చూస్తున్నాడు.

చెప్పలేదన్నమాట. ఆ మనిషికి ఎనిమిదో తరగతిలో ప్రవర్తన కింద నేనిచ్చిన మార్కు తక్కువేమో. ఇప్పుడు మార్చడానికి లేదు.

సెప్టెంబరు 22

ఎడమ భుజం పీకుతోంది. మెడ కూడా. ఖాళీ తూటా కుడివైపుకు ఎగిరి ముక్కు ముందు నుంచి పోతుంది, ప్రతిసారీ కళ్లు మూసుకుంటున్నాను. డబ్బాలు పన్నెండింట్లో మూడు.

సెప్టెంబరు 26

కళ్లు మూసుకోవడం మానాను. ఆరు.

ఈ తుపాకి నడుమ ఒక మర ఉంది, నాణెం పెట్టి తిప్పితే రెండు ముక్కలై గుడ్డసంచీలో పడుతుంది. నాకెంతో నచ్చింది. అవసరం లేకపోయినా రెండుసార్లు విప్పి బిగించాను.

సెప్టెంబరు 29

వాన. తలుపు చూడడం మరిచిపోయి చాలా రోజులైంది. ఇప్పుడు గుర్తొచ్చినా లేవలేదు.

అక్టోబరు 1, శనివారం

లొరీన్ అట్ట పళ్లెం తెచ్చి కంచెకు కట్టింది. అడుగులు తనే కొలిచింది, నేను కొలిస్తే దగ్గర చేస్తానని.

ఐదు కాల్చాను. మూడు లోపల. నాలుగోది అంచు చీల్చుకుని పోయింది. ఐదోది ఎటు పోయిందో దేవుడికే తెలియాలి.

నాలుగన్నాను. లొరీన్ పళ్లెం విప్పి తెచ్చి, చిరిగిన అంచు మీద వేలు పెట్టింది. "అమ్మా, నాకు ఎప్పుడైనా అర మార్కు వేశావా? ఏడో తరగతి లెక్కల పరీక్షలో ఏడ్చినా వేశావా?"

వేయలేదు. వేయడం తప్పు కూడా. మూడేనని ఒప్పుకున్నాను. తుపాకి విప్పి సంచీలో పెట్టాను. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. లొరీన్ ఆ పళ్లెం గుండ్రంగా తిప్పుతూనే ఉంది. పందెం ఓడాను కాబట్టి నేను మాట్లాడలేదు. మాట మీద నిలబడాలి కదా.

చివరికి తనే అంది. "ఒక్కదానివే పోవడానికి నాలుగు కావాలి. మూడంటే ఇంకొకరు తోడుండాలి." పళ్లెం పక్కన పెట్టి, "శనివారం ఎన్నింటికి లేవాలి?" అంది.

చెప్పాను. మొహం ముడుచుకుంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

అక్టోబరు 8, శనివారం

చీకటితోనే శిఖరం ఎక్కాం. లొరీన్ చిన్నప్పటి నుంచీ అడవంటే గిట్టని పిల్ల. ప్రతి పుల్లా తొక్కింది. ఫ్లాస్కు మూత కింద పడేసింది, అది కొండ వాలు వెంట మోగుకుంటూ పోయింది. జిల్లాలో ఉడతలన్నిటికీ మేమొచ్చామని తెలిసింది. గోనె మీద కూర్చున్నాక దగ్గు వచ్చింది. ఆపుకోమన్నాను. దగ్గు మాట వినదంది, నర్సు కాబట్టి ఆ సంగతి తెలుసంది.

వెలుతురు మొదళ్ల నుంచి పాకింది. ఎడమ కంటికి ఎంత కనబడాలో అంతా కనబడింది.

చాలాసేపటికి పైనుంచి కాయ తొక్కలు రాలడం వినిపించింది. ఉడత పళ్లతో హికరీ కాయ కొరికితే, వాన చినుకు మొదలైనట్టు టపటపమంటుంది. రైఫిలు ఎత్తాను. అది నన్ను చూసి మాను అవతలికి జారుకుంది. నేను కదిలితే అదీ కదులుతుంది, ఎప్పుడూ మానుకు అవతలి పక్కే. ఒంటరిగా వెళ్లిన ఆరేళ్లూ సగం ఉడతలు నాకు అలాగే తప్పిపోయాయి. ఇద్దరుంటే పద్ధతి వేరు. ఒకరు చెట్టు చుట్టూ దూరంగా నడవాలి. ఉడత వాళ్లకు భయపడి తిరిగి తిరిగి తుపాకి ఉన్న వైపుకు వస్తుంది. వారెన్ నా కోసం నడిచేవాడు. నడిచేది ఆయన, కొట్టేది నేను, గొప్పలు చెప్పేది మళ్లీ ఆయన.

నేను ఏమీ అడగలేదు. అడగడానికి గొంతెత్తకూడదు కూడా.

లొరీన్ లేచింది. కోటు బొత్తాలు పెట్టుకుని, ఆసుపత్రి వరండాలో నడిచినట్టు పెద్ద పెద్ద అడుగులతో, చెట్టు చుట్టూ దూరంగా నడిచి వెళ్లి, గట్టు దిగువన నిలబడింది. ఎక్కడ నేర్చుకుందో తెలియదు. బహుశా వాళ్ల నాన్న గొప్పల్లోంచి. ఉడత ఇటు తిరిగింది. మాను మీద బూడిదరంగు తోక, తర్వాత తల, ఆకాశం నేపథ్యంగా.

లీవరు కిందికి, పైకి. తర్వాత అది కింద ఆకుల మీద పడ్డ చప్పుడు.

"పడిందా?" అని దిగువ నుంచి లొరీన్ కేక.

పడిందన్నాను. ఖాళీ తూటా ఏరి జేబులో వేసుకున్నాను.

మొత్తం మూడు. తూటాలు ఐదు. ఈ సంఖ్య ఎవరికైనా చూపించగలను.

మధ్యాహ్నం పిండి అద్ది వేయించి, అదే పెనంలో పులుసు కాచి, మొక్కజొన్న రొట్టెతో పెట్టాను. లొరీన్ చిన్నప్పుడు ఉడత మాంసం పళ్లెంలో ఇటు నుంచి అటు జరిపేది. ఈ రోజు ఎముకలు వరుసగా పేర్చింది. రొట్టె ముక్కతో పెనం అడుగు తుడుచుకుంది కూడా. బల్ల దగ్గర అలా చేయకూడదని నేను చెప్పలేదు.

సాయంత్రం వెళ్లేటప్పుడు, బురద బూట్లు విప్పి వసారాలో నా బూట్ల పక్కన పెట్టి, నా ఇంటి చెప్పులు వేసుకుని కారెక్కింది. బూట్లు మరిచిపోతోందని పిలవబోయి, తలుపు దగ్గరే ఆగాను. లొరీన్ వస్తువులు మరిచిపోయే మనిషి కాదు.

బురద ఆరనిచ్చి దులిపాను. రేపు చర్చి నుంచి వచ్చాక రెండు జతలకూ నూనె రాయాలి.